పోకెమాన్ గోల్డ్ మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళకి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆర్నెల్లుగా మెట్రోలో, ఆఫీసు క్యాంటీన్‌లో, ఒక పెళ్ళి భోజనాల వరసలో కూడా నా చేతిలో ఊదారంగు గేమ్ బాయ్ కలర్ (నింటెండో వాళ్ళ పాత చేతి ఆట యంత్రం) కనబడుతోంది. చూసినవాళ్ళు ఊరుకోరు కదా. అడిగినవే మళ్ళీ మళ్ళీ అడుగుతుంటే ఒకచోట రాసి పెడితే నయమనిపించింది. ప్రశ్నలు వాళ్ళవి, మొండితనం నాది.

అసలు ఇది ఏ ఆట?

పోకెమాన్ గోల్డ్. జపాన్‌లో 1999 నవంబర్ 21న సిల్వర్‌తో జంటగా వచ్చింది. ఇంగ్లీషులో 2000 అక్టోబరులో అమెరికాకి చేరింది. తయారుచేసింది గేమ్ ఫ్రీక్. అంతకుముందు ఆటల్లో 151 పోకెమాన్లు, అంటే పట్టి పెంచుకునే వింత జీవాలు, ఉంటే ఇందులో ఇంకో 100 చేరి 251 అయ్యాయి. ఒక చిన్న ఊరి పిల్లాడు ఇల్లు వదిలి, గడ్డిలో దూరి, దొరికినవాటిని పట్టి, పెంచి, ఊరూరా ఉన్న జిమ్ లీడర్లతో (ఓడిస్తే బ్యాడ్జి ఇచ్చే ఊరి మొనగాళ్ళతో) తలపడతాడు. ఎనిమిది బ్యాడ్జీలు వచ్చి, పెద్ద పోటీ కూడా గెలిచాక ఆట అయిపోయిందనుకుంటాం. అప్పుడు మనల్ని ఓడ ఎక్కించి, పాత ఆటలోని కాంటో ప్రాంతం మొత్తం ముందు పరుస్తుంది. ఇంకో ఎనిమిది బ్యాడ్జీలు.

ఇదంతా ఇంగ్లీషు కాట్రిడ్జ్‌లో (గేమ్ బాయ్‌లో దూర్చే ఆట డబ్బీలో) 2 మెగాబైట్లలో ఇమిడింది. పండగ పూట వాట్సాప్‌లో వచ్చే దీపాల వీడియో ఇంతకంటే పెద్దది. బొమ్మల్ని కుదించి పెట్టే ప్రోగ్రామ్ రాసిచ్చింది సతోరు ఇవాటా. అప్పటికి ఆయన వేరే సంస్థ హాల్ ల్యాబొరేటరీకి అధ్యక్షుడు, తర్వాత 2002లో నింటెండోకే అధ్యక్షుడయ్యాడు. ఆ హోదాలో ఉండి పక్కవాళ్ళ ఆటకి కోడు రాయడం నాకు భలే నచ్చే విషయం.

ఇన్నేళ్ళ తర్వాత ఆడదగ్గదేనా? లేక చిన్నప్పటి మోజేనా?

మోజు ఉంది, కాదనను. ఆటలో విసిగించేవీ ఉన్నాయి: పరిగెత్తలేం (పరుగు బూట్లు తర్వాతి తరం ఆటల్లో వచ్చాయి), సంచి ఊరికే నిండుతుంది, పట్టినవి దాచే పెట్టె నిండితే మనమే వెళ్ళి ఇంకో పెట్టెకి మార్చుకోవాలి. మార్చకపోతే కొత్తది పట్టనివ్వదు. ఒక్కో పెట్టెలో 20 పడతాయి.

అయినా మళ్ళీ ఆడమనే చెబుతాను. కారణం ఒక్కటే, గడియారం. కాట్రిడ్జ్ లోపల చిన్న బ్యాటరీతో నడిచే నిజమైన గడియారం ఉంది. గేమ్ బాయ్ కట్టేసి బీరువాలో పెట్టినా అది నడుస్తూనే ఉంటుంది. మన దగ్గర చీకటి పడితే అక్కడా చీకటి పడుతుంది. ఉదయం 4 నుంచి 10 వరకు పొద్దు, 10 నుంచి సాయంత్రం 6 దాకా పగలు, ఆ తర్వాత రాత్రి. పగలు తిరిగేవి రాత్రి కనబడవు, రాత్రివి పగలు కనబడవు. వారంలో ఫలానా రోజే జరిగేవి బోలెడున్నాయి. అంటే మూడు రోజులు సెలవు పెట్టి ఊదిపారేయడానికి కాదు, నెలల తరబడి రోజూ కాసేపు తొంగిచూడటానికి కట్టిన ఆట ఇది. మళ్ళీ ఆడేవాళ్ళలో ఎక్కువమంది ఇక్కడే దెబ్బతింటారు. పాత సినిమాని రెట్టింపు వేగంలో చూసి, బాలేదన్నట్టు ఉంటుంది.

నేనూ చిన్నప్పుడు నెట్ సెంటర్‌లో ఆడాను. ఈ గడియారం సంగతి నాకెందుకు గుర్తులేదు?

నాకూ గుర్తులేదు. మా దిల్‌సుఖ్‌నగర్ గల్లీలో నెట్ సెంటర్‌లో మూడో నంబరు సిస్టంలో ఎమ్యులేటర్ (కంప్యూటర్‌ని గేమ్ బాయ్‌లా నడిపే ప్రోగ్రామ్) ఉండేది. గంట లెక్కన డబ్బులు పోతుంటే ఎవడైనా స్పేస్ బార్ నొక్కిపట్టి పరిగెత్తిస్తాడు గానీ శుక్రవారం దాకా ఆగుతాడా? పైగా ఆ సిస్టంలో తేదీ ఎప్పుడు చూసినా తప్పుగానే ఉండేది. ఒకరోజు వెళ్ళి చూస్తే నా ఆట మీద ఇంకెవరో సేవ్ చేసుకున్నారు. నా పోకెమాన్ టోటోడైల్ పోయి వాడి చికోరిటా ఉంది, పేరు "చింటు". ఆ చింటు ఎవరో ఇప్పటికీ తెలీదు. దొరికితే రెండు మాటలున్నాయి.

అందుకే మళ్ళీ ఆడుతున్నాననడం కూడా నా విషయంలో పూర్తి నిజం కాదు. ఆట అదే, ఇలా ఆడటం ఇదే మొదలు.

గోల్డా, సిల్వరా, క్రిస్టలా?

గోల్డ్, సిల్వర్ మధ్య తేడా కొన్ని జీవాలు, కవర్ మీద బొమ్మ. ఏది దొరికితే అది. క్రిస్టల్ ఏడాది తర్వాత, 2000 డిసెంబరులో జపాన్‌లో వచ్చింది. అమ్మాయిగా ఆడే వీలు, పోరాటం మొదట్లో బొమ్మలు కదలడం అందులోనే మొదలు. కానీ క్రిస్టల్‌లో మారీప్ అనే గొర్రె దొరకదు. గోల్డ్‌లో 32వ దారిలో దొరికే ఆ గొర్రెపిల్లే 30వ లెవెల్‌కి ఆంఫరోస్ అయి సగం ఆట మోస్తుంది. అందుకని నా ఓటు గోల్డ్‌కి.

2009లో ఇదే ఆటని నింటెండో తర్వాతి యంత్రం డీఎస్ కోసం హార్ట్‌గోల్డ్, సోల్‌సిల్వర్ అని కొత్తగా చేశారు. పరుగు ఉంది, బొమ్మలు బాగుంటాయి, గడియారం డీఎస్‌దే కాబట్టి కాట్రిడ్జ్‌లో బ్యాటరీ బెడద లేదు. ఓపిక తక్కువైతే నిస్సందేహంగా అదే తీసుకోండి, తప్పేం లేదు.

దేనిలో ఆడాలి?

కాట్రిడ్జ్ ఉంటే గేమ్ బాయ్ కలర్, గేమ్ బాయ్ అడ్వాన్స్, అడ్వాన్స్ ఎస్పీ మూడింట్లో ఏదైనా. గోల్డ్, సిల్వర్ పాత నలుపు తెలుపు గేమ్ బాయ్‌లో కూడా నడుస్తాయి, క్రిస్టల్ నడవదు. చాలామంది పొరపాటు పడేది ఇక్కడ: డీఎస్ కింద ఉన్న స్లాట్‌లో అడ్వాన్స్ ఆటలే పడతాయి, ఈ కాట్రిడ్జ్ పట్టదు. అన్నీ కొనుక్కొచ్చాక తెలిస్తే ఏడుపే.

గేమ్ బాయ్ కలర్‌కి రెండు పెన్సిల్ సెల్స్ చాలు, కానీ తెరకి లైటు లేదు. రాయదుర్గం మెట్రోలో కిటికీ పక్కన మిట్టమధ్యాహ్నం అద్భుతంగా కనిపిస్తుంది. రాత్రి బెడ్‌రూమ్‌లో ఏమీ కనిపించదు. రాత్రి జీవాల్ని ట్యూబ్‌లైటు కింద కూర్చుని పట్టాలి, ఇంట్లోవాళ్ళు తిడతారు. ఎస్పీకి లైటు ఉంది, చార్జింగ్ పెట్టుకోవచ్చు. కొత్తగా కొనేవాళ్ళకి ఎస్పీ.

నింటెండో 3డీఎస్‌లో గోల్డ్, సిల్వర్ 2017లో, క్రిస్టల్ 2018లో డౌన్‌లోడ్‌గా అమ్మారు. 2023 మార్చి 27తో ఆ దుకాణం మూసేశారు. అప్పటికే కొనుక్కున్నవాళ్ళు అదృష్టవంతులు.

ఎమ్యులేటర్‌లో ఆడితే తప్పా?

ఎమ్యులేటర్ ప్రోగ్రామ్ వరకు ఇబ్బంది లేదు. ఆట ఫైలుకి కాపీరైటు ఉంది, ఎక్కడపడితే అక్కడ దింపుకోవడం చట్టప్రకారం తప్పే. మీ సొంత కాట్రిడ్జ్‌ని యూఎస్‌బీ రీడర్‌లో పెట్టి కంప్యూటర్‌లోకి తీసుకునే పద్ధతి ఉంది, నేను ఫోన్‌లో ఆడేది అలా తీసుకున్నదే. నెట్ సెంటర్ రోజుల గురించి నన్నేం అడక్కండి.

కాట్రిడ్జ్ అసలుదో నకిలీదో ఎలా తెలుస్తుంది?

నకిలీలే ఎక్కువ తిరుగుతున్నాయి. అసలు దాని లేబుల్ మీద వేలితో తడిమితే తగిలేలా లోపలికి ఒత్తిన చిన్న గుర్తు ఉంటుంది. అచ్చు మసకగా ఉన్నా, గోల్డ్ కాట్రిడ్జ్ బంగారు రంగులో కాకుండా మామూలు బూడిదరంగులో ఉన్నా అనుమానించండి. అన్నిటికంటే నమ్మకమైన పని తెరిచి చూడటం. దీనికి 3.8 మిల్లీమీటర్ల గేమ్‌బిట్ అనే స్క్రూడ్రైవర్ కావాలి, మామూలు స్టార్ పట్టదు. లోపల బోర్డు మీద నింటెండో పేరు, చక్కగా అతికిన నల్లటి చిప్పులు, గుండ్రటి బ్యాటరీ ఉండాలి. చిప్పు బదులు నల్లటి తారు బొట్టు పెట్టినట్టుంటే నకిలీ. అమ్మేవాళ్ళని తెరిచిన ఫొటో అడగండి. "సీల్ తీయం సార్" అంటే దండం పెట్టి వచ్చేయండి.

పాత కాట్రిడ్జ్ పెట్టాను, సేవ్ నిలవడం లేదు. చెడిపోయిందా?

చెడిపోలేదు, బ్యాటరీ అయిపోయింది. ఈ ఒక్క ప్రశ్నకి నేను బోలెడు ఆదివారాలు ఖర్చుపెట్టాను కాబట్టి కాస్త వివరంగా చెబుతా.

లోపల ఉన్నది సీఆర్ 2025 అనే బిళ్ళ సెల్. ఆ అంకెల్లోనే కొలత ఉంది: 20 మిల్లీమీటర్ల వెడల్పు, 2.5 మిల్లీమీటర్ల మందం. 3 వోల్టులు. ఇది రెండు పనులు చేస్తుంది. మన సేవ్ ఉన్న మెమరీకి కరెంటు అందించడం ఒకటి, సెకనుకి 32,768 సార్లు కొట్టుకునే చిన్న క్వార్ట్జ్ ముక్కతో గడియారం నడపడం రెండోది. ఇరవై నాలుగు గంటలూ గడియారం తిప్పాలి కాబట్టి గోల్డ్ సెల్ అంతకుముందు ఆటలైన రెడ్, బ్లూల కంటే ముందే అయిపోతుంది. దాంతోపాటు సేవ్ కూడా పోతుంది. తర్వాత వచ్చిన రూబీ, సఫైర్, ఎమరాల్డ్‌లలో సేవ్‌కి సెల్‌తో పని లేదు, సెల్ చచ్చినా గడియారం ఒక్కటే ఆగుతుంది. ఫైర్‌రెడ్‌లో గడియారమే లేదు, సెల్ కూడా లేదు.

మొదటిసారి నేను చేసిన తప్పు: సిటీలోనే ఒక రిపేరు కౌంటర్‌లో ఇచ్చాను. కాట్రిడ్జ్‌లో అప్పటికి పాత యజమాని సేవ్ బతికే ఉంది. ఎవరో పిల్లవాడు 180 గంటలు ఆడాడు, పెట్టెలన్నీ నిండా. దాన్ని ముందు కాపీ తీద్దామనుకున్నాను. అతను మాట్లాడుతూనే పాత సెల్ పీకేశాడు. "డేటా ఏముంటది సార్ దీన్ల, గేమే కదా" అన్నాడు. పైగా కొత్త సెల్ మీదే నేరుగా సోల్డర్ పెట్టాడు. ఆ వేడికి సెల్ పాడవుతుంది, పగిలిపోవచ్చు కూడా. నెల తిరక్కుండా మళ్ళీ పోయింది.

సరైన పద్ధతి ఇది. రెండు వైపులా రేకు ట్యాబులు అతికించి ఉన్న సీఆర్ 2025 కావాలి. సోల్డర్ ఆ రేకుకి పెడతాం, సెల్‌కి కాదు. కోఠి గుజరాతీ గల్లీలో మూడు కొట్లు తిరిగాను.

"అన్నా, 2025 ట్యాబులది ఉందా?"

"2032 తీస్కో, రెండూ ఒకటే."

ఒకటే కాదు. 2032 మందం 3.2 మిల్లీమీటర్లు. అది పెట్టి మూత బిగించేవాళ్ళూ ఉన్నారు గానీ, ముందే ముసలి ప్లాస్టిక్, నేను ఆ సాహసం చేయలేదు. నాలుగో కొట్లో పెద్దాయన అట్టపెట్టె అడుగు నుంచి తీసి, మల్టీమీటర్ పెట్టి చూపించాడు: 3.2 వోల్టులు. తీసుకునే ముందు మీరూ చూపించమనండి, కొట్లో ఏళ్ళ తరబడి పడి ఉన్న సెల్ కూడా కొత్త సెల్ లాగే మెరుస్తుంది. ప్లస్, మైనస్ గుర్తులు బోర్డు మీదే ఉంటాయి, పాతది తీసేముందు ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి. సేవ్ కావాలంటే సెల్ ముట్టుకోకముందే యూఎస్‌బీ రీడర్‌తో కాపీ తీసి, కొత్త సెల్ పెట్టాక తిరిగి ఎక్కించండి.

ఆట అసలు ఆన్ కాకపోతే అది సెల్ సమస్య కాదు, కాంటాక్టుల మురికి. చెవిలో పెట్టుకునే దూది పుల్లకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడవండి. నోటితో ఊదకండి. చిన్నప్పుడు అందరం ఊదాం, ఆ తడికే తుప్పు పట్టింది.

ఆట మొదట్లో ఇచ్చే మూడు పోకెమాన్లలో దేన్ని తీసుకోవాలి?

సిండాక్విల్ సులువు, టోటోడైల్ నా ఇష్టం, చికోరిటా కష్టం. మొదటి రెండు జిమ్‌లు పక్షులు, పురుగులు కాబట్టి చికోరిటా లాంటి ఆకు జాతికి నరకం.

విట్నీ ఆవుని ఎలా ఓడించాలి?

ఈ ప్రశ్న అడిగిన ప్రతివాళ్ళ గొంతులో పాత బాధ వినిపిస్తుంది. గోల్డెన్‌రాడ్ ఊళ్ళో మూడో జిమ్, దాని లీడర్ విట్నీ దగ్గర 20వ లెవెల్ మిల్‌ట్యాంక్ అనే ఆవు. అది రోలౌట్ (దొర్లుతూ కొట్టే దెబ్బ) మొదలుపెడితే వరసగా ఐదు దెబ్బలు, ప్రతి దెబ్బకీ బలం రెట్టింపు. మధ్యలో పాలు తాగి సగం ప్రాణం తెచ్చుకుంటుంది. మనది మగదైతే అట్రాక్ట్ అనే వలపు ఎత్తు వేసి, కొట్టాల్సినప్పుడు సగం సార్లు కొట్టకుండా చేస్తుంది.

మందు మూడు రకాలు. ఒకటి, 34వ దారిలో డ్రౌజీని పట్టి, అదే ఊరి డిపార్ట్‌మెంట్ స్టోర్ ఐదో అంతస్తులో ఇస్తే బదులుగా మాచోప్ ఇస్తారు. ఫైటింగ్ జాతి, ఆవుకి అదే విరుగుడు. ఆటవాళ్ళు ఈ మాచోప్‌ని అక్కడ ఊరికే పెట్టలేదు. (క్రిస్టల్‌లో డ్రౌజీకి బదులు అబ్రాని అడుగుతారు.) రెండు, జియోడూడ్ అనే రాతి పోకెమాన్, అదీ ఆడది. ఆడది కాబట్టి అట్రాక్ట్ పారదు, రాయి, నేల జాతి కాబట్టి రోలౌట్ సగమే తగులుతుంది. మూడోది చాలామందికి తట్టదు: మొదటి జిమ్‌లో ఫాల్క్‌నర్ ఇచ్చిన మడ్-స్లాప్. ఆవు కంట్లో నాలుగు సార్లు బురద కొడితే గురి తప్పుతుంది. రోలౌట్ ఒక్కసారి తప్పిందా, బలం మళ్ళీ మొదటికొస్తుంది.

గెలిచాక విట్నీ ఏడుస్తూ కూర్చుంటుంది, బ్యాడ్జి ఇవ్వదు. ఆట పాడైందనుకోకండి. తలుపు వైపు నాలుగడుగులు వేసి తిరిగి రండి.

ఏ రోజు ఏముంటుంది?

ఫ్రిజ్ మీద అంటించుకోదగ్గ సంగతి ఇది. రోజుకి ఒకరు చొప్పున ఏడుగురు తోబుట్టువులున్నారు, ఆ రోజున వాళ్ళ చోటికి వెళ్ళి పలకరిస్తే ఒక వస్తువు ఇస్తారు. సోమవారం మోనికా 40వ దారిలో, మంగళవారం టస్కనీ 29లో, బుధవారం వెస్లీ లేక్ ఆఫ్ రేజ్‌లో, గురువారం ఆర్థర్ 36లో, శుక్రవారం ఫ్రీడా 32లో, శనివారం శాంటోస్ బ్లాక్‌థార్న్‌లో, ఆదివారం సనీ 37లో. ఇచ్చే వస్తువులు మరీ గొప్పవేం కావు. అయినా ఏడుగురినీ కలిస్తేగానీ నాకు నిద్ర పట్టదు.

మంగళ, గురు, శనివారాల్లో నేషనల్ పార్క్‌లో పురుగులు పట్టే పోటీ, 20 నిమిషాలు, మొదటి బహుమతి సన్ స్టోన్. శుక్రవారం యూనియన్ కేవ్ అడుగున నీళ్ళలో లాప్రస్ వస్తుంది. మనకి శుక్రవారం ఇంటికి లక్ష్మి వస్తుందంటారు, ఇక్కడ లాప్రస్. సోమవారం రాత్రి మౌంట్ మూన్ దగ్గర క్లెఫేరీలు నాట్యం చేస్తాయి.

నాకు బాగా నవ్వొచ్చేది గోల్డెన్‌రాడ్ అండర్‌గ్రౌండ్‌లో క్షౌరం చేసే అన్నదమ్ములు. మీ జీవానికి జుట్టు దిద్దితే దానికి మీ మీద ప్రేమ పెరుగుతుంది. అన్న పనిచేసేది మంగళ, గురు, శని. తమ్ముడిది బుధ, శుక్ర, ఆది. మంగళవారం క్షవరం! మా అమ్మ చూస్తే గేమ్ బాయ్‌ని కిటికీలోంచి విసిరేస్తుంది. మన దగ్గర సెలూన్‌కి తాళం వేసే రోజునే అక్కడ పెద్దాయన కత్తెర పడతాడు.

మాది షిఫ్ట్ డ్యూటీ. ఇంటికొచ్చేసరికి ఎప్పుడూ రాత్రే. గడియారం తిప్పుకోవచ్చా?

తిప్పుకోండి. ఆట మొదట్లోనే టైమ్ ఎంతని అడుగుతుంది, తర్వాత పోకెగేర్ (ఆటలోని ఫోన్) ఇస్తూ ఆటలోని పిల్లాడి అమ్మ ఇవాళ ఏ వారమని అడుగుతుంది. మీకు కుదిరే టైమే మీ పొద్దు అనుకుని పెట్టండి. రాత్రి 11కి ఇంటికొచ్చేవాళ్ళు ఆటలో దాన్ని ఉదయం 7 అని పెట్టుకుంటే కొంప మునగదు. ఇది మోసమని కొందరంటారు, నేను అనను. మోసం ఏదంటే రోజుకి పదిసార్లు గడియారం ముందుకి తోయడం. మధ్యలో మార్చాలంటే మాత్రం ఇంగ్లీషు వెర్షన్ పాస్‌వర్డ్ అడుగుతుంది. అది మీ పేరు, ట్రైనర్ నంబరు, చేతిలో ఉన్న డబ్బు బట్టి లెక్కకట్టేది, నోటి లెక్కకి అందదు. కాబట్టి మొదట్లోనే ఆలోచించి పెట్టుకోండి.

ఆ అమ్మ గురించి ఒక మాట. మీరు గెలిచిన డబ్బులో కొంత దాచిపెడతానంటుంది, సరేనంటే పోపుల డబ్బాలో వేసినట్టే వేస్తుంది. కొన్నాళ్ళకి ఫోన్ చేసి, మీ డబ్బుతోనే మీకోసం ఏదో కొన్నానని చెబుతుంది. జపాన్ అయితే మాత్రం అమ్మ అమ్మే.

ఎమ్యులేటర్‌లో ఫాస్ట్ ఫార్వర్డ్ వాడొచ్చా?

పోరాటాల్లో వాడండి, నేనూ వాడతా. నడకలో వద్దు.

ఏడో జిమ్ తర్వాత లెవెల్స్ పెరగడం లేదు. ఏం చేయాలి?

తప్పు మీది కాదు, ఆటదే. గోల్డ్‌లో నిజమైన లోపం ఇది. ఎనిమిదో లీడర్ క్లెయిర్ కింగ్‌డ్రా 40, చివరి పోటీలో లాన్స్ డ్రాగనైట్ 50. కానీ దారిలో గడ్డిలో దొరికేవి చాలా కింద ఉంటాయి, వాటిని కొడితే వచ్చే అనుభవం ఎందుకూ చాలదు. కాంటోలో ఇంకా అన్యాయం: చివరి జిమ్ లీడర్ బ్లూ దగ్గర అన్నిటికంటే పెద్దది 58, ఆ తర్వాత మౌంట్ సిల్వర్ మీద రెడ్ అనే పిల్లాడి పికాచు 81. మధ్యలో మెట్లే లేవు.

ఫోన్ నంబర్లు తీసుకున్న ట్రైనర్లు (దారిలో తలపడే ఆటలోని మనుషులు) మళ్ళీ పోటీకి పిలిచినప్పుడు వెళ్ళండి, గడ్డిలో తిరగడం కంటే అదే లాభం. లేక్ ఆఫ్ రేజ్‌లో ఎర్ర గ్యారడోస్ తర్వాత దొరికే రెడ్ స్కేల్‌ని మిస్టర్ పోకెమాన్‌కి ఇస్తే ఎక్స్‌ప్ షేర్ (పోరాడని జీవానికీ అనుభవం పంచే వస్తువు) ఇస్తాడు, మర్చిపోకండి. జట్టులోని ఆరింటినీ సమానంగా పెంచాలని చూడకండి. నలుగురిని పెంచి మిగతా ఇద్దరిని కూలీలుగా పెట్టుకోండి. చెట్లు కొట్టడం, ఈదడం, జలపాతం ఎక్కడం లాంటి ఏడు హెచ్ఎమ్ పనులు ఎవరో ఒకరు మోయాలి. వాటిని ఒకసారి నేర్పితే మామూలుగా మరిచిపోవు, బ్లాక్‌థార్న్‌లో ఒకాయన మాత్రమే మరిపిస్తాడు.

ఇంకో సంగతి. ఈ తరం ఆటల్లో ఒక దెబ్బ ఒంటి బలంతో కొట్టేదా, స్పెషల్ బలంతో కొట్టేదా అన్నది దెబ్బని బట్టి కాదు, జాతిని బట్టి. నిప్పు, నీరు, కరెంటు, మంచు అన్నీ స్పెషల్. అందుకే గోల్డెన్‌రాడ్ స్టోర్‌లో 3000కి దొరికే ఫైర్ పంచ్, ఐస్ పంచ్, థండర్ పంచ్‌లు, పేరులో పిడిగుద్దు ఉన్నా, బక్కపలచని అలకజామ్ చేతిలోనే బాగా పేలతాయి. కొత్త ఆటల అలవాటుతో వచ్చేవాళ్ళు ఇక్కడ తికమక పడతారు.

ట్రేడ్ చేయడానికి (పోకెమాన్లని ఇచ్చిపుచ్చుకోడానికి) నాకెవరూ లేరు.

నాకూ లేరు. కడబ్రా, మాచోక్, గ్రావెలర్, హాంటర్ ట్రేడ్ చేస్తేనే తర్వాతి రూపానికి వెళతాయి. కేబుల్, రెండో గేమ్ బాయ్, రెండో ఆట కావాలి. కాబట్టి ఒంటరివాళ్ళ జట్టు వేరే: ఆంఫరోస్, గ్యారడోస్, చెట్టుకి తల కొట్టిస్తే రాలిపడే హెరాక్రాస్, ప్రేమ పెరిగితే మారే క్రోబాట్. ఈవీ అయితే ప్రేమ పెరిగాక పగలు లెవెల్ పెరిగితే ఎస్పియాన్, రాత్రి పెరిగితే అంబ్రియాన్. మళ్ళీ గడియారమే.

అందుకే 251 అన్నీ ఒక్కరే పట్టడం కుదరదు. సిల్వర్ కావాలి, పాత రెడ్ లేదా బ్లూ కావాలి, మ్యూ, సెలెబీలు అప్పట్లో ప్రత్యేకంగా పంచినవాళ్ళకే దక్కాయి. నేను 200 దాటితే చాలనుకున్నా.

ఆటలో ఆ జోయీ అనే పిల్లాడు ఫోన్ చేసి చంపుతున్నాడు.

తన రాటాటా అనే ఎలుక ఎంత గొప్పదో చెప్పడానికి. నంబరు తీసేయొచ్చు. నేను తీసేయలేదు, క్రెడిట్ కార్డు వాళ్ళకంటే నయం.

పిల్లలకి ఇవ్వొచ్చా?

ఇంగ్లీషు చదవగలిగితే ఇవ్వొచ్చు, లేకపోతే పక్కన కూర్చుని చదివి చెప్పాలి. అదీ బాగానే ఉంటుంది. మా అక్క కొడుక్కి మూడో తరగతి. కాసేపు ఆడి, అన్నానికి పిలిస్తే ఆపేసి, మళ్ళీ వచ్చి ఆన్ చేశాడు. ఆట చీకటిగా ఉంది.

"మామా, నేను బంద్ చేసి పోయిన కదా. రాత్రెట్లయింది?"

"బయట చూడు."

బాల్కనీలోకి పోయి చూసి వచ్చాడు. ఆ తర్వాత హూట్‌హూట్ అనే గుడ్లగూబ దొరికేదాకా ఇవ్వలేదు.

అదంతా చూస్తున్న మా అమ్మ, "ఏందిరా అది, పురుగులు పట్టుడా?" అంది. నిజానికి సరిగ్గా అదే. ఈ ఆటని మొదట ఊహించిన సతోషి తజిరి టోక్యో శివార్లలోని మచిదాలో పెరిగాడు. చిన్నప్పుడు పురుగులు పట్టడం పిచ్చి. ఊరు పెరిగి చెరువులూ పొలాలూ పోయాక, ఆ సరదా తర్వాతి పిల్లలకి దొరకదని ఈ ఆట తలపెట్టాడు. అమ్మకి అలా చెప్పాను. అమ్మ కాసేపాగి, "మేం ఆరుద్ర పురుగులు అగ్గిపెట్టెల పెట్టుకునేటోళ్ళం. తొలకరి పడ్డంక నాలుగు దినాలే కనబడుతుండె, మళ్ళ ఏడాది దాంక లేవు" అంది. గడ్డి వేసేవాళ్ళట, మూత కొంచెం తెరిచిపెట్టేవాళ్ళట, పొద్దున లేచేసరికి ఖాళీ అగ్గిపెట్టె. తర్వాత గేమ్ బాయ్ తీసుకుని లెడిబా అనే ఎర్ర రంగు పురుగుని చూసి, "గిట్లనే మెత్తగుంటయి" అంది. లెడిబా మెత్తగా ఉంటుందో లేదో నాకు తెలీదు, నేను సరిదిద్దలేదు.

ఆట ఎప్పుడు అయిపోయినట్టు?

లాన్స్‌ని గెలిచినప్పుడు ఒకసారి పేర్లు పడతాయి. 16 బ్యాడ్జీలూ వచ్చాక మౌంట్ సిల్వర్ గుహ చివర ఒకడు నిలబడి ఉంటాడు. పాత ఆటలో మనం ఆడిన పిల్లాడే, రెడ్. పలకరిస్తే చుక్కలు తప్ప మాట రాదు. ఓడిపోయాక కూడా చుక్కలే, ఆ తర్వాత మాయమవుతాడు, రెండోసారి పేర్లు పడతాయి. అంతే.

మీరెక్కడిదాకా వచ్చారు?

ఆర్నెల్లకి ఆరు బ్యాడ్జీలు. నవ్వకండి. లాప్రస్ కోసం నాలుగు శుక్రవారాలు అనుకున్నాను. మొదటి శుక్రవారం ఆఫీసులో రిలీజ్. రెండోది గృహప్రవేశం. మూడో శుక్రవారం గుహ అడుగుదాకా వెళ్ళాను, చూస్తే జీవాల్ని పట్టే పోకెబాల్స్ అన్నీ అయిపోయాయి. ఇవాళ గురువారం. సంచిలో 12 గ్రేట్ బాల్స్ ఉన్నాయి, పెన్సిల్ సెల్స్ కొత్తవి వేశాను, రేపు సాయంత్రం ఆరు తర్వాత నాకెవరూ ఫోన్ చేయొద్దు.